జుమేరాత్ వెలుగు

మెట్టుగూడలో ఆ వెలుగును చూడనివాళ్ళంటూ ఎవరూ లేరు. చూడలేదని ఒప్పుకోవడమే పరువు తక్కువ. రంజాన్ పండుగ వెళ్ళాక, వాన ఒక పూట కురిసి ఒక పూట తెరిపిస్తున్న రోజుల్లో, ప్రతి జుమేరాత్, అంటే గురువారం, సాయంత్రం మగ్రిబ్ నమాజు అయిన కాసేపటికి గుట్టమీది దర్గా పైన ఎర్రగా ఒక వెలుగు లేచేది. మెల్లగా పైకి పోయేది. కొంతసేపు అక్కడే నిలిచి, అటూ ఇటూ ఊగి, ఉన్నట్టుండి మాయమయ్యేది. అంతే. జరిగింది అంతే. కానీ అంతేనని చెప్పుకుంటే ఎవరికి పొద్దుపోతుంది చెప్పండి?

రైల్వే క్యాబిన్‌లో సిగ్నళ్ళు లాగే జీవరాజు, అది ఒకసారి ఎర్రగా ఒకసారి పచ్చగా వెలిగిందన్నాడు. బతుకంతా ఎర్రదీపం, పచ్చదీపం చూసుకుంటూ గడిపినవాడు మరేం చూస్తాడు? దర్గా కనిపెట్టుకుని ఉండే అల్లాఉద్దీన్ ముసలాయన, అది బాబా సమాధిలోంచి లేచిందనీ, లేచేటప్పుడు అత్తరు వాసన గుప్పుమందనీ చెప్పాడు. మారేడ్‌పల్లిలో వకీలుగారింట్లో వంట చేసే ఆవిడ అది అమ్మవారి కన్ను అంది. బొల్లారం నుంచి పాలు తెచ్చేవాడు అది తన తలమీదుగానే దూసుకుపోయిందనీ, ఆ పూట బర్రె పాలు చేపలేదనీ ఒట్టు పెట్టి మరీ చెప్పాడు. నిజాం పోలీసు అమీన్ కూడా వచ్చి, నలుగురినీ అడిగి, అందరు చెప్పిందీ రాసుకుని, చాయ్ తాగి పోయాడు. అప్పట్లో జనం కళ్ళన్నీ ఆకాశం మీదే ఉండేవి. యూనియన్ విమానాలు వచ్చి బాంబులేస్తాయని ఒకడు, నిజాం కోసం దొంగతనంగా తుపాకులు మోసుకొచ్చే విమానాలు దిగుతున్నాయని ఒకడు. అలాంటి రోజుల్లో మిణుగురు కనబడినా జనం బయటికొచ్చి తలెత్తి చూసేవారు.

ఈ కథలన్నీ నల్లా దగ్గర వింటూ, నోరు మెదపకుండా నీళ్ళు పట్టుకుపోయే మనిషి అక్బర్ బీ. ఇంటికొచ్చి బిందె దించి, తలుపు దగ్గరికేసి, అప్పుడు నవ్వేది. కొంగు నోట్లో కుక్కుకుని కళ్ళవెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వేది. ఎందుకంటే ఆ వెలుగును ఎగరేసేది ఆమె మొగుడు షంషీరే.

షంషీర్ పతంగులు కట్టి బతికేవాడు. పతంగి దారానికి కాగితపు కందీలు కట్టి, లోపల మైనపు వత్తి వెలిగించి, చీకటి పడే వేళ ఎగరేయడం ఈ ఊళ్ళో పాత సరదాయే. కానీ అది చలికాలపు ఆట. జల్లులు పడే రోజుల్లో పతంగి ఎగరేసే పిచ్చివాడు ఒకడుంటాడని ఎవరి బుర్రకు తడుతుంది? నల్ల కాగితంతో కట్టిన పతంగి, సన్నటి దారం మసక చీకట్లో కనబడవు. కందీలు ఒక్కటే కనబడుతుంది.

అతను దాన్ని సరదాకు ఎగరేయలేదు. అది మొక్కు. మొక్కు బుచ్చమ్మది.

బుచ్చమ్మది గోడ అవతలి ఇల్లు. మొగుడు పోయిన దగ్గర్నుంచి విస్తర్లు కుట్టి హోటళ్ళకు వేస్తూ ఒక్కగానొక్క కొడుకును పెంచింది. ఆ కొడుకు బిక్షం, భువనగిరి పక్క మేనమామ ఊరికని పోయినవాడు తిరిగి రాలేదు. రజాకార్లు పట్టుకుపోయారని బుచ్చమ్మ చెప్పింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాక దర్గాకు పోయి మొక్కుకుంది. ఐదు జుమేరాత్‌లు దీపాన్ని ఆకాశానికి ఎత్తిస్తాను, ఎక్కడున్నా నా కొడుకు దాన్ని చూసి ఇల్లు చేరాలి అని. అలాంటి మొక్కుకు ఒక కట్టుబాటు ఉంది. పోయినవాడు వచ్చి గడప తొక్కేదాకా ఆ దీపం ఎవరిదో, ఎవరికోసమో బయటివాళ్ళకు తెలియకూడదు. వెలిగించిన చేతికీ ఎత్తిన చేతికీ తప్ప తెలియకూడదు. తెలిస్తే మొక్కు చెడుతుంది, మనిషి దక్కడు.

కొడుకు పాత అంగీ చింపి, మైనంలో ముంచి బుచ్చమ్మే వత్తులు చేసేది. వెలిగించేది ఆమె. దర్గా వెనక బండమీద నిలబడి ఎగరేసేది షంషీర్. దారం చుట్టిన చరఖా పట్టుకునేది అక్బర్ బీ. ఐదు జుమేరాత్‌లూ అలా గడిచాయి. కొడుకు రాలేదు. మిలిటరీ వచ్చింది.

పోలీసు యాక్షన్ అన్నారు. ఎక్కడో తుపాకులు పేలుతున్నాయన్నారు. వారం తిరిగేసరికి నిజాం రాజ్యం కుప్పకూలింది. ఎగిరి మాయమైపోయిన వెలుగు ఇక మారేదేముంది? మారింది జనం నోళ్ళు. నిన్నటిదాకా మహిమ అన్నవాళ్ళే ఇప్పుడు సైగ అన్నారు. రజాకార్లు తమ విమానాలకు దారి చూపించుకున్నారన్నారు. దండం పెట్టిన చేతులతోనే షంషీర్ ఇంటివైపు వేలు చూపించారు. మొత్తం మెట్టుగూడలో కందీళ్ళు కట్టే తురక అతనొక్కడే కదా! మిలిటరీ వాళ్ళొచ్చి ఇల్లంతా సోదా చేస్తే వెదురు బద్దలు, నల్ల కాగితాలు, ఒక విరిగిన కందీలు దొరికాయి. అంతకుముందు రజాకార్లలో చేరమని ఇంటికొచ్చి అడిగినవాళ్ళను కాలు బెణికిందని సాకు చెప్పి తప్పించుకున్న మనిషిని, రజాకారని తాళ్ళు కట్టి తీసుకుపోయారు.

బొల్లారం దగ్గర ముళ్ళ తీగ చుట్టిన మైదానంలో పెట్టారు. అక్బర్ బీ రొట్టెలు మూట కట్టుకుని నడిచిపోయింది. తీగ అవతల నిలబడ్డ షంషీర్‌కు ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి ఉంది. కుడిచేతి వేళ్ళు వాచి, రొట్టె పట్టుకోవడం కూడా చేతకాలేదు.

"యా అల్లా, ఏం జేసిండ్రు మిమ్మల్ని?" అంది.

"ఆ ముచ్చట ఇడిసిపెట్టు. నేనే ఎగరేసిన అని ఒప్పుకున్న. మొక్కు అని చెప్పిన. ఎవరి మొక్కు, ఎవరి మొక్కు అని దినాం గదే అడుగుతున్నరు."

"చెప్తే ఇడుస్తరా?"

షంషీర్ బాగున్న ఒక్క కంటితో ఆమెను నిలువునా చూశాడు. "అక్బర్ బీ, బుచ్చమ్మక్క పేరు నీ నోట్లకెల్లి వచ్చిందంటే నాకు నువ్వు లేవు, నీకు నేను లేను. సమజైందా?"

సమజైంది. మొక్కు సంగతి ఆమెకు ఇంకొకరు చెప్పాలా? పెళ్ళైన కొత్తలో పసిబిడ్డ కోసం తాను దర్గాలో కట్టిన మొక్కు దారం గురించి ఆడబిడ్డ దగ్గర నోరు జారింది. నెల తిరక్కుండా బిడ్డ పోయింది. అందువల్లే పోయిందని ఆమె ఈనాటికీ నమ్ముతుంది. కాబట్టి బుచ్చమ్మ పేరు ఎత్తకుండానే మొగుణ్ణి విడిపించుకోవాలి. ఎలా? చూసినవాళ్ళు చూసింది చూసినట్టు చెబితే చాలు. ఒక్క చిన్న కాగితపు దీపం లేచింది, ఊగింది, ఆరిపోయింది. అంతకుమించి ఎవరూ ఏమీ చూడలేదు కదా.

ముందు జీవరాజు దగ్గరికి పోయింది. అతను క్యాబిన్ మెట్లమీద కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుకుంటున్నాడు.

"అన్నా, నువ్వు చూసింది ఒక్క ఎర్రదీపమే గద. పచ్చది లేకుండె. గా మాట మిలిటరీ సాబుకు చెప్పన్నా. ఎర్రది పచ్చది మారిందంటే సైగ అంటున్నరు."

"పచ్చది సుత చూసిన చెల్లె."

"ఆ కందీలు కాగితం నేనే కోసిచ్చిన! లాల్ కాగితం! పచ్చది యాడికెల్లి వస్తది?"

జీవరాజు డబ్బా మూత పెట్టేశాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఇను. ఎర్రది పచ్చది అని అందరి ముందల చెప్పిన. కాయితం మీద దస్కత్ పెట్టిన. గిప్పుడు పోయి లేదు సాబ్, ఒక్క రంగే అని చెప్తే, ఈనికి రంగులు తెలుస్తలేవు, ఈన్ని క్యాబిన్‌ల ఎట్ల పెట్టుకున్నరు అంటరు. కండ్ల పరీచ్చకు పంపిస్తరు. నౌకరీ పోతది. నీ మొగడు ఇయ్యాల కాకున్నా రేపన్న వస్తడు, నా నౌకరీ మళ్ళ వస్తదా?"

"ఆయన వేళ్ళు ఇరగ్గొట్టిండ్రన్నా."

"ప్రభువు ఉన్నడు చెల్లె," అన్నాడు జీవరాజు. ఆ మాట అనేసి లోపలికి పోయి ఏదో రైలు వస్తున్నట్టు మీటలు పట్టుకుని నిలబడ్డాడు. రైలేమీ రాలేదు. ఆమె కాసేపు చూసి, కాండ్రించి ఉమ్మి, గుట్ట ఎక్కింది.

అల్లాఉద్దీన్ ముసలాయన దర్గా గడప ఊడుస్తున్నాడు. ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. విని తల అడ్డంగా ఊపాడు.

"బాబా నూర్‌ను పతంగి అని ఎట్ల చెప్త బేటీ?"

"చాచా! చరఖా పట్టింది నేను!"

"నువ్వు చరఖా పట్టినవు. కాదనలే. వెలుగు బాబాది."

"చాచా, మీ కాళ్ళు పట్టుకుంట..."

"పట్టుకోకు. కూసో." ముసలాయన చీపురు పక్కన పెట్టాడు. "మొన్న గుంపు వచ్చి దర్గా జెండా గుంజి పారేసిండ్రు, చూసినవా? గోడ సుత కూలగొడ్తుండె. గా మారేడ్‌పల్లి ఆడామె, అమ్మవారి కన్ను అన్నామె, అడ్డం వచ్చింది. ఈడ వెలుగు లేచింది, ముట్టుకుంటే కండ్లు పోతయ్ అంది. మొగోళ్ళు భయపడి వాపస్ పోయిండ్రు. గిప్పుడు నేను పోయి, వెలుగు లేదు గిలుగు లేదు, షంషీర్‌గాడు పతంగి ఎగరేసిండు అని చెప్పాల్నా? చెప్తే పొద్దుగాల్ల కల్ల ఈడ రాయి మీద రాయి ఉంటదా?"

అక్బర్ బీకి తిట్టాలనే ఉంది. కానీ ముసలాయన చెప్పిందీ నిజమే. నిజమైతే మాత్రం ఆమె కడుపు నిండుతుందా? చూసినవాళ్ళు ఇంతమంది ఉండి, చూసింది చెప్పేవాడు ఒక్కడు లేడని ఏడ్చుకుంటూ గుట్ట దిగింది.

ఆ సాయంత్రం బుచ్చమ్మే గోడ దాటి వచ్చింది. అక్బర్ బీ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"నన్ను తిట్టు బీ. నా మూలంగనే గద తమ్మికి ఈ తక్లీఫ్. నా కొడుకు గడప తొక్కిన దినం నేనే ఉరికిపోయి సాబు కాళ్ళమీద పడి చెప్త. గది నా మొక్కు, తమ్మి తప్పేం లేదని చెప్త. అందాక నన్ను అడగకు."

"అడగ అక్కా," అంది అక్బర్ బీ. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని ఏడ్చారు. ఆమె నిజంగానే అడగలేదు. రోజూ పొద్దున లేచి, మొగుడి కోసం ఒక దువా, బిక్షం కోసం ఒక దువా చేసేది. ముందు బిక్షం కోసమే చేసేది. వాడొస్తే తప్ప ఈయన రాడు కదా.

బక్రీద్ వచ్చింది, వెళ్ళింది. బతుకమ్మలు పేర్చే రోజులూ దాటాయి. అప్పుడు బుచ్చమ్మ ఇంట్లో ఏదో మారింది. పగలు కూడా తలుపు గడియ పెట్టి ఉంటోంది. ఒక్కతే ఉన్నన్నాళ్ళూ జొన్న గటక తాగి పడుకునే మనిషి, ఇప్పుడు గోడ అవతల తాలింపు వేస్తోంది. పొయ్యి పొగలోంచి బీడీ వాసన. ఒకనాడు మొగ గొంతు దగ్గు. అక్బర్ బీ చేతిలో చాట అలాగే ఆగిపోయింది. ఆ దగ్గు ఆమె ఎరగనిదా? చిన్నప్పుడు వాడికి కోరింత దగ్గు వస్తే తాయెత్తు తెచ్చి కట్టింది ఆమే.

వచ్చాడు! అల్లా, బిక్షం వచ్చాడు! ఆమె సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఇదిగో, ఇప్పుడే బుచ్చమ్మ తలుపు తీసుకుని ఉరికొస్తుంది, ఇద్దరం కలిసి సాబు దగ్గరికి పోతాం అనుకుని, మంచి చీర కట్టుకుని మరీ కూర్చుంది. సాయంత్రమైంది. రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ మర్నాడు నల్లా దగ్గర కనబడితే తనే అడిగింది.

"అక్కా, బిక్షం సంగతి ఏమన్న తెలిసిందా?"

"యాడ బీ? ఏం తెల్వలే," అంది బుచ్చమ్మ, బిందెలోకి చూస్తూ.

అక్బర్ బీకి అరికాలి మంట నెత్తికెక్కింది. కొడుకు ఇంట్లో కూర్చుని తాలింపు కూర తింటుంటే, వాడికోసం దీపం ఎత్తినవాడు తీగ వెనక వాచిన వేళ్ళతో రొట్టె తుంచుకోలేక కూర్చోవాలా? ఏడ్చినవన్నీ దొంగ ఏడుపులేనా? పని అయిపోయింది కదా, ఇక తురకోడు ఏమైపోతే నాకేంది అనుకుందా? మొక్కు తీరిపోయింది. గడప తొక్కనే తొక్కాడు. ఇప్పుడు చెబితే చెడేదేమీ లేదు. షంషీర్ మాట ఆమెకు గుర్తు లేకపోలేదు. మొక్కు తీరాక ఆ మాటకు కూడా గడువు తీరినట్టే అనుకుంది. బిందె అక్కడే వదిలేసి, తడి చీరతోనే బొల్లారం దారి పట్టింది.

అక్కడ మిలిటరీ బంగళాలో కూర్చున్న కెప్టెన్ జ్ఞానశేఖర్ మద్రాసు వైపు మనిషి, తెలుగు బాగా వచ్చినవాడు. చాలా మర్యాదస్తుడు. ఆమెకు కుర్చీ వేయించాడు. మంచినీళ్ళు ఇప్పించాడు.

"చెప్పండమ్మా. భయపడకండి."

ఆమె భయపడలేదు. అంతా చెప్పింది. మొక్కు ఎవరిదో చెప్పింది, అంగీ వత్తుల సంగతి చెప్పింది, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదో కూడా చెప్పింది.

"ఆమె కొడుకు కోసమా? ఏం పేరు?"

"బిక్షం, సాబ్."

కెప్టెన్ కలం ఆగింది. "భువనగిరి వైపు పోయాడన్నారు కదూ? ఎన్నాళ్ళ కింద?"

సాబు ఇంత శ్రద్ధగా అడుగుతున్నందుకు ఆమె ప్రాణం లేచొచ్చింది. "ఎండకాలంల పోయిండు సాబ్. రజాకార్లు పట్టుకపోయిండ్రంట."

"రజాకార్లు పట్టుకుపోయినవాడు ప్రాణాలతో వచ్చాడా? మంచిదే. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడా? మీరు కళ్ళారా చూశారా?"

"చూడలే గని పక్కా ఉన్నడు సాబ్! దగ్గు ఇన్న. బీడీ వాసన వస్తది. పగలు సుత గడియ పెట్టుకుంటది. కావాల్నంటే మీరే వచ్చి అడగున్రి. మొక్కు తీరింది, గిప్పుడు ఆమె కాదనదు."

"వెనక వైపు తలుపు ఉందా అమ్మా ఆ ఇంటికి?"

"ఉంది సాబ్, మా గోడ దిక్కు," అంది అక్బర్ బీ.

"సరే. రేపు మీ ఆయన ఇంటికొస్తాడు. మీ పేరు మేము ఎక్కడా చెప్పం."

పేరు చెబితే మాత్రం ఏమవుతుంది అనుకుంటూ ఆమె ఇంటికొచ్చింది. అన్నానికి ఎసరు పెట్టింది. ఎసరు మరగకముందే రెండు జీపులు వచ్చాయి. ఒకటి బుచ్చమ్మ వాకిట్లో ఆగింది. రెండోది అక్బర్ బీ గోడ పక్కనుంచి వెనక్కి పోయింది. మొక్కు సంగతి అడగడానికి ఇంతమంది ఎందుకని ఆమె ఇంకా ఆలోచిస్తుండగానే బిక్షాన్ని బయటికి ఈడ్చుకొచ్చారు. గడ్డం పెరిగి, తొడకు కట్టు కట్టి ఉంది. చేతులు వెనక్కి విరిచి వాడి రుమాలుతోనే కట్టారు. బుచ్చమ్మ జీపుకు అడ్డంగా పడుకుంటే ఇద్దరు సిపాయిలు ఎత్తి పక్కన పెట్టారు. ముందు సీట్లో కూర్చున్న కెప్టెన్ అక్బర్ బీ వైపు తల కూడా తిప్పలేదు. చెప్పాగా, మర్యాదస్తుడు.

మర్నాడు మధ్యాహ్నం షంషీర్ నడిచొచ్చాడు. వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఆమె నీళ్ళు కాచింది, పసుపు నూరింది, అంతా చెప్పింది. మొక్కు తీరినంకనే చెప్పినానని మూడుసార్లు చెప్పింది.

షంషీర్ అరవలేదు. "వాడు సంఘంల ఉన్నడే," అన్నాడు. "దొరల మీదికి, రజాకార్ల మీదికి తుపాకి పట్టుకోని పోయిండు. గిప్పుడు మిలిటరోళ్ళు గాళ్ళనే దేవులాడుతున్నరు. మొక్కిన దినమే బుచ్చమ్మక్క నాకు చెప్పింది. మొక్కు కోసమే అనుకున్నవా నేను గన్ని తన్నులు తిన్నది?"

"నాకెందుకు చెప్పలే మీరు? ఒక్క మాట, ఒక్క మాట చెప్తే నేను పోదునా?"

"చెప్తే నన్ను ఇడిపించుకునేతందుకు చెప్తవని భయపడ్డ." అతను వాచిన వేళ్ళ వంక చూసుకున్నాడు. "రాత్రంత బంగళాల పెట్టుకున్నరంట, పొద్దుగాల నేను బయటికి వస్తుంటే వాణ్ణి లోపటికి తెస్తున్నరు. గేటు కాడ నన్ను చూసి నవ్విండు. మామా, అమ్మను జెర చూసుకో అన్నడు. సరే బేటా అన్న."

అక్బర్ బీ పసుపు గిన్నె పక్కన పెట్టి నేలమీద కూర్చుంది. అంతలో తలుపు చప్పుడైంది. బుచ్చమ్మ. జుట్టు విరబోసుకుని, మోచేతులు గీరుకుపోయి ఉంది. షంషీర్‌ను చూడగానే ఆమె మొహం ఒక్క క్షణం వెలిగింది. "వచ్చినవా తమ్మీ, సల్లగుండు," అంది. తర్వాత అక్బర్ బీ ముందు కూర్చుంది.

"బీ, నన్ను మాఫ్ చెయ్యి. పిల్లగాడు వచ్చిండని నీకు చెప్పాల్నని నాలుక దాక వచ్చింది. వాడు వద్దన్నడు. మొక్కు ముచ్చట సుత నేను పురుగుకు చెప్పలే బీ, అయినా గిట్లయింది. ఎవడు చెప్పిండో, వాని ఇల్లు కూల." కళ్ళు తుడుచుకుని దగ్గరికి జరిగింది. "నువ్వు పోయి మాట్లాడితే ఆ సాబు తమ్మిని ఇడిసిండంట గద. అందరు అంటున్నరు. ఏం చెప్పినవ్ బీ సాబుకు? గదే మాట నాకు సుత నేర్పు. నేను పోయి గట్లనే చెప్త, నా కొడుకును ఇడుస్తడు."

షంషీర్ లేచి లోపలికి పోయాడు. బుచ్చమ్మ అక్బర్ బీ రెండు చేతులూ పట్టుకుని, చెప్పు బీ, ఏం చెప్పినవో చెప్పు అని అడుగుతూనే ఉంది.